కొనేవాళ్ళావిడ

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న పెద్దలు, ఆ రెండు పనులూ జన్మకి ఒక్కొక్కసారి చేసేవాళ్ళని మనసులో పెట్టుకుని అన్నారు. మా మామయ్య సంగతి వాళ్ళకి తెలియదు. పెళ్ళి విషయంలో ఆయన పెద్దల మాట దాటలేదు, ఒక్కటే చేసుకున్నాడు. ఇళ్ళ విషయంలో మాత్రం ఆ నిగ్రహం నిలబెట్టుకోలేకపోయాడు.

ఆయన వృత్తిని ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఎవరూ కొనని ఇల్లు కొంటాడు, ఎవరైనా కొనే ఇల్లుగా చేస్తాడు, అమ్మేస్తాడు. చేయడమంటే సున్నం కొట్టి సరిపెట్టడం కాదు. వెనక ఒక గది తగిలిస్తాడు. వీలుంటే పైన ఒక అంతస్తు ఎక్కిస్తాడు. మెట్లని ఈ మూలనుంచి ఆ మూలకి నడిపిస్తాడు. కిటికీ లేనిచోట కిటికీ పెట్టి, ఉన్నచోట బీరువా పెడతాడు. ఇల్లు పెరుగుతుంది, దాంతోపాటు ధరా పెరుగుతుంది, ఆ పెరిగిన మేరలో మామయ్య సంసారం నడుస్తుంది. పూర్వాశ్రమంలో ఆయన తాళాల కంపెనీలో గుమాస్తా. ఏళ్ళ తరబడి ఇతరుల ఇళ్ళకి తాళాలు అమ్మి అమ్మి, తలుపుకి అవతల ఏముందో చూద్దామన్న కుతూహలం పట్టలేక ఉద్యోగం మానేశాడని బంధువుల్లో ఒక కథనం ఉంది. ఎదురుగా ఆయన్ని అందరూ ఇంజనీరు గారంటారు, వెనకాల గునపం అంటారు. ఆయన ఇంజనీరు కాదు గనక, రెండో పేరులోనే నిజం కాస్త ఎక్కువ.

ఎక్కడికి వెళ్ళినా గోడలు తట్టి చూడటం ఆయనకి అలవాటు. పుచ్చకాయ కొనేవాడు కాయని తట్టినట్టు తట్టి, చెవి ఆనించి, కాసేపు కళ్ళు మూసుకుంటాడు. ఆ సమయంలో ఆయన్ని ఎవరూ పలకరించకూడదు. ఒకసారి మంచం పట్టిన మా పెదనాన్నని పరామర్శించడానికి వెళ్ళాడు. రోగి మొహం వంక చూడకుండా, రోగి నెత్తిమీదున్న స్లాబు వంక చాలాసేపు చూసి, ఇంక ఎక్కువ కాలం లేదు అన్నాడు. ఇంట్లోవాళ్ళు ఏడుపు అందుకున్నారు. పెదనాన్న ఆ తరవాత చాలా ఏళ్ళు సుఖంగా బతికాడు. స్లాబే ముందు పోయింది.

మామయ్యకో సిద్ధాంతం ఉంది. కాపురం ఉండకుండా ఇంటిని బాగుచేయకూడదు. వచ్చిపోయేవాడి ముందు ఏ ఇల్లయినా మర్యాదగానే నడుచుకుంటుంది. దాని అసలు బుద్ధి తెలియాలంటే వానలో దాని కింద పడుకోవాలి. అందుచేత ఇల్లు కొన్న మర్నాడే పెళ్ళాం బిడ్డతో, గిన్నెలతో అందులోకి దిగేవాడు. ముందు గదిలో పని జరుగుతుంటే వెనక గదిలో ఉండేవారు. పని వెనక గదికి వచ్చేసరికి ముందు గదిలోకి మారేవారు. పైకప్పు తీసినప్పుడు టార్పాలిను కిందికి చేరేవారు. చివరికి ఒక శుభదినాన అన్ని గదులూ పూర్తయి, తలుపులన్నీ సరిగ్గా పడి, నేలమీద ఇసక రేణువు లేకుండా ఇల్లు అద్దంలా తయారయ్యేది. ఆ మర్నాడు అమ్మకానికి వెళ్ళిపోయేది. ఆ విధంగా ఆ కుటుంబం ఊళ్ళో అందరికన్నా ఎక్కువ ఇళ్ళలో కాపురం చేసింది, పూర్తయిన ఇంట్లో మాత్రం ఏనాడూ చేయలేదు.

ప్రతి ఇంట్లోనూ ఆఖరున బిగించేది కాలింగ్ బెల్. సగం ఇంటికి బెల్ పెట్టడం అబద్ధమాడటంతో సమానమని మామయ్య నమ్మకం. బెల్ ఉందంటే, రండి, చూడండి అని లోకాన్ని పిలిచినట్టు. కనుక బెల్ మొదటిసారి మోగగానే మామయ్య కూతురు, అప్పటికింకా బళ్ళో చదువుకునేది, ఎవరూ చెప్పకుండానే అట్టపెట్టెల కోసం వీధి చివర కొట్టుకి వెళ్ళేది. బళ్ళో టీచరు ఒకసారి ఇంటి చిరునామా రాయమంటే, ఏ నెల వరకూ కావాలండీ అని అడిగిందట. టీచరు దాన్ని పొగరు కింద జమకట్టి బెంచీ ఎక్కించింది. పిల్ల పాపం వివరం కోసమే అడిగింది.

ఇక అత్తయ్య. సిమెంటు పడిన అన్నం తింటూ, ఇటుకల మీద మంచం వేసుకుంటూ, ఒక వానాకాలంలో ఒక చేత్తో గొడుగూ ఒక చేత్తో గరిటే పట్టుకుని వంట చేస్తూ, ఆమె దుమ్ముని ఏమీ అనలేదు. మేస్త్రీని ఏమీ అనలేదు. మామయ్యని కూడా పెద్దగా ఏమీ అనలేదు. ఆమె సహించలేనిది లోకంలో ఒక్క మనిషినే. ఆ మనిషి కొనేవాళ్ళావిడ.

కొనేవాళ్ళావిడని ఎవరూ చూడలేదు. మామయ్య మాత్రం ప్రతి ఇంటినీ ఆవిడ కోసమే చేసేవాడు. ఇల్లు బేరమాడేది మొగుడే కావచ్చు, కాని కొనాలో వద్దో ఆవిడ వంటింట్లో నిలబడి తేలుస్తుందని ఆయన అనుభవసారం. కాబట్టి పగలంతా ఆవిడ ప్రస్తావనే. ఇక్కడ వెలుతురు చాలదు, కొనేవాళ్ళావిడ ఊరుకోదు. ఆ అలమారకి ఇంకో అర వెయ్యి మేస్త్రీ, కొనేవాళ్ళావిడకి సామాను ఎక్కువ. ఏళ్ళు గడిచేకొద్దీ ఆవిడకి ఒక ఆకారం కూడా వచ్చింది. పొడుగు మనిషి, వంట గట్టు ఎత్తుగా ఉండాలి. నడుము నొప్పి ఉంది. కింది అరలకి వంగదు. శుభ్రం ఎక్కువ, చుట్టాలు తక్కువ. పొగ పడదు.

అత్తయ్యకీ పొగ పడదు. అయితే ఆమె కొనేవాళ్ళావిడ కాదు. ఆమె పొట్టి కూడా. గట్టు ఎత్తు చూసుకోవలసి వచ్చినప్పుడల్లా మామయ్య తన రొమ్ముకి కాస్త కిందుగా అరచెయ్యి పెట్టి, ఇక్కడికి కట్టు అనేవాడు. మేస్త్రీ అక్కడికే కట్టేవాడు. పని నడిచినన్నాళ్ళూ ఆ గట్టు మీదే అత్తయ్య వంట. అందుకని ఒక చెక్కపెట్టె తిరగేసి, దానిమీద ఎక్కి నిలబడి కూర తరిగేది. ఇల్లు మారినప్పుడల్లా మొదట బండెక్కేది ఆ పెట్టే. ఆ సంసారంలో స్థిరాస్తి అంటూ ఏదైనా ఉంటే అదొక్కటే.

విచిత్రమేమంటే, ఇళ్ళు నిజంగా కొనుక్కున్నవాళ్ళ భార్యలెవరూ ఆ పోలికల్లో లేరు. ఒకావిడ అత్తయ్యకన్నా పొట్టి. ఒకావిడ వంటింటి గుమ్మం దాకా వచ్చి, తన వంటమనిషిని లోపలికి పంపింది. ఒకాయనకి అసలు భార్యే లేదు. వీళ్ళందరూ మినహాయింపులని మామయ్య అభిప్రాయం.

కొత్తగా ఏ వస్తువు ఇంటికొచ్చినా అత్తయ్య ఎవరికని అడిగేది. మామయ్య చెప్పేవాడు. అలాగా, ఆవిడ అదృష్టం అనేది. "సవతైతే జుట్టు పట్టుకోవచ్చు వదినా, దీనికి జుట్టయినా లేదే" అని ఒకసారి మా అమ్మ దగ్గర వాపోయింది. మా అమ్మ తమ్ముణ్ణి మందలించింది. ఆయన శ్రద్ధగా విని, పోతూ పోతూ మా ముందు గది గోడ తట్టి చూసి, చెమ్మ ఉందక్కా అన్నాడు.

కిందటేడు కొన్న ఇల్లు ఇద్దరు అన్నదమ్ములది. పంపకాల్లో ఇంటిని నిలువునా రెండు చేసుకుని మధ్యన గోడ కట్టుకున్నారు. ఆ గోడ హాలు మధ్యలో బయల్దేరి, వంటింటిని చీల్చుకుంటూ పోయి, వెనక కిటికీ దగ్గర చిక్కుల్లో పడింది. కిటికీ ఎవరిదో తేలలేదు. చివరికి చెరో రెక్కా తీసుకున్నారు. ఇంట్లోకి గాలి సరిగా ఆడాలంటే అన్నకీ తమ్ముడికీ ఒకే రోజున మనసు బాగుండాలి. అలాంటి రోజు వచ్చినట్టు ఇరుగుపొరుగు ఎవరికీ గుర్తులేదు.

మామయ్య ఆ గోడ కూలగొట్టించాడు. గోడ పోయాక తేలిందేమంటే, ఎవరి నేల వాళ్ళే వేయించుకోవడం వల్ల అన్న వైపు నేల తమ్ముడి వైపుకన్నా రెండంగుళాలు ఎత్తు. కూలీలు తట్టలతో సహా తమ్ముడి వాటాలోకి బోర్లా పడుతూ వచ్చారు. మొత్తం తవ్వించడం ఎందుకని మామయ్య ఎవరికీ తెలియనంత వాలుగా నేల సర్దించాడు. ఎవరికీ తెలియలేదు, ఇల్లు తుడిచే అత్తయ్యకి తప్ప. తరవాత పైన ఒక గది లేపాడు. వంటింటిని వెనక ఖాళీ స్థలంలోకి జరిపి రెండింతలు చేశాడు. చెరో రెక్క కిటికీ తీసేసి, గోడ పొడుగునా పెద్ద కిటికీ పెట్టించాడు. అందులోంచి చూస్తే సందు మలుపు కనబడుతుంది. ఎవరు వస్తున్నారో, వాళ్ళు తలుపు తట్టకముందే తెలిసిపోతుంది. ఇంట్లో ఉన్నామో లేమో నిర్ణయించుకునే వ్యవధి ఉంటుంది. కొనేవాళ్ళావిడకి ఇది బాగా నచ్చుతుందని మామయ్య అన్నాడు. అత్తయ్యకి అప్పటికే నచ్చింది.

ఇక్కడే ఒక పొరపాటు జరిగింది. వంట గట్టు పోసే రోజున మామయ్య ఇంట్లో లేడు. ఎక్కడో పాత బడి పడగొడుతున్నారనీ, మంచి టేకు తలుపులు దొరుకుతాయనీ తెలిసి పరుగెత్తాడు. ఇక్కడ సిమెంటు కలిపేశారు. గట్టు ఎత్తు ఎంతో మామయ్య చెప్పలేదు. ఎప్పుడూ తన రొమ్ము మీదే చూపిస్తాడు, ఆ రొమ్ము ఇప్పుడు ఊరికి ఆ చివర ఉంది. మేస్త్రీ ఫోను చేశాడు. భవనాలు కూలే చోట మామయ్యకి ఫోను వినబడదు. కలిపిన సిమెంటు మనుషుల కోసం ఆగదు గనక మేస్త్రీ చుట్టూ చూశాడు. ఎదురుగా, ఇంకా తీయని పాత గట్టు దగ్గర అత్తయ్య పెట్టె ఎక్కి కూర తరుగుతోంది.

"అమ్మగారూ, ఆ పెట్టె దిగి ఇలా వచ్చి నిలబడండి. కూర తరుగుతున్నట్టు చేతులు పెట్టండి" అన్నాడు.

అత్తయ్య నిలబడింది. మేస్త్రీ ఆమె మోచెయ్యి కింద గోడమీద పెన్సిల్‌తో గీత గీసి, ఆ గీతకి కట్టేశాడు.

సాయంత్రం తలుపులతో తిరిగొచ్చిన మామయ్య గట్టుకి టేపు పెట్టి చూశాడు. బెత్తెడు తక్కువ. మేస్త్రీ తప్పు ఒప్పుకున్నాడు. మిగతా పనయ్యాక పగలగొట్టి మళ్ళీ పోద్దామని మామయ్య ఔదార్యంతో క్షమించాడు. అందాకా ఎలాగూ ఉంటుంది గనక, అది ఆరగానే అత్తయ్య దానిమీద వంట చేసుకుంది. పెట్టెని కాలితో మూలకి తోసింది. ఇన్నేళ్ళుగా చెవుల దాకా ఎగదన్నుకుని ఉన్న ఆమె భుజాలు మెల్లిగా తమ చోటికి దిగాయి. ఆ పూట కూరలో ఉప్పు కూడా సరిపోయింది.

అన్నాలు తింటున్నప్పుడు అంది. "ఏవండీ, ఈ ఇల్లు అమ్మొద్దు."

అంతకుముందు ఆమె ఏ ఇంటి గురించీ ఆ మాట అనలేదు. మామయ్య కొంచెం ఆలోచించి, చూద్దాం అన్నాడు. మామయ్య చూద్దాం అన్నది ఏదీ తరవాత చూడలేదని ఇంటిల్లిపాదికీ తెలుసు. కొన్నాళ్ళాగి అత్తయ్య పోనీ గట్టైనా ఉంచమంది. ఆయన ఓపిగ్గా వివరించాడు. ఇల్లంటే మనకి ఇల్లు కాదు, సరుకు. వంకాయలమ్మేవాడు వంకాయ మీద మమకారం పెంచుకుంటే వ్యాపారం ఏంగాను? అదీగాక ఆవిడ లోపలికి రాగానే మొదట చూసేది గట్టే. పొట్టి గట్టు చూసిందంటే వెనక్కి తిరిగి చూడకుండా పోతుంది.

"అయితే ఆవిణ్ణి ఓసారి పిలిపించండి. గోడకి నిలబెట్టి కొలుద్దాం" అంది అత్తయ్య.

మామయ్య దాన్ని హాస్యమనుకుని నవ్వాడు. సెలవురోజని చూడటానికి వచ్చిన కూతురు నవ్వలేదు. ఈ పిల్ల ఇప్పుడు ఉద్యోగస్తురాలు. ఒక గది అద్దెకు తీసుకుని విడిగా ఉంటోంది. ఆ ఇంటాయన గోడకి మేకు కూడా కొట్టనివ్వడు. అందరూ వద్దన్న ఆ గదిని ఈ పిల్ల ఆ షరతు చూసే తీసుకుంది.

వెళ్ళేముందు తల్లిని పెరట్లోకి పిలిచి, "అమ్మా, నువ్వు చెబితే నాన్న చచ్చినా వినరు. అదే మాట కొనేవాళ్ళు చెబితే వింటారు" అంది.

అది అక్షరాలా నిజం. ఇంట్లోవాళ్ళు కుళాయి కారుతోందంటే మామయ్య కారనీ అంటాడు. కొనడానికొచ్చినవాడు అదే మాటంటే, తింటున్న అన్నం ముందునుంచి లేచొచ్చి బిగిస్తాడు. వాళ్ళెదుట ఆయన గొంతు మెత్తబడుతుంది, నడుము కొంచెం వంగుతుంది, ప్రతి వాక్యం చివరా ఒక అండీ వచ్చి కూర్చుంటుంది. అత్తయ్య ఆ అండీలు చాటునుంచి చాలాసార్లు వింది.

పని అయిపోవచ్చింది. రంగులు పడ్డాయి, బడి తలుపులు బిగిశాయి, గట్టు ఒక్కటే మిగిలింది. అలాంటి రోజుల్లో బ్రోకరు ఫోను చేశాడు. ఈయన మామయ్య అమ్మిన ఇళ్ళన్నిటికీ మధ్యవర్తి. కొనేవాణ్ణి పార్టీ అంటాడు, అమ్మేవాణ్ణి సార్ అంటాడు, తను మాత్రం ఇద్దరి మధ్యా కేవలం గాలినంటాడు. గట్టి పార్టీ ఒకటి దొరికిందనీ, బేరంలో పేచీలు పెట్టే రకం కాదనీ, అయితే ఆ ఇంటావిడ చాలా పట్టింపు మనిషనీ, అన్నిటికన్నా ముందు వంటిల్లు చూస్తానంటోందనీ చెప్పాడు. మామయ్య ఫోను పెట్టేసి కాసేపు కిటికీ దగ్గర నిలబడ్డాడట. ఇన్నాళ్ళ తపస్సుకి దేవత ప్రత్యక్షం కాబోతున్నట్టు మొహం వెలిగిపోయిందని మేస్త్రీ తరవాత చెప్పాడు.

ఏర్పాట్లు ఘనంగా జరిగాయి. ఆవిడ గట్టు చూసి మొహం చిట్లించగానే, ఆవిడ కళ్ళెదుటే పగలగొట్టి చిత్తశుద్ధి నిరూపించుకోవాలని మేస్త్రీని సుత్తితో సహా వంటింట్లో నిలబెట్టాడు. తను గడ్డం గీసుకున్నాడు. కాలింగ్ బెల్ బిగించాడు. అత్తయ్య పొద్దున్నే, అమ్మాయి దగ్గరికి పోయొస్తానని చెప్పి వెళ్ళింది. వచ్చేవాళ్ళముందు ఇంటివాళ్ళ సామానూ ఇంటివాళ్ళూ ఎంత తక్కువ కనబడితే అంత మంచిదని మామయ్య కూడా ఒప్పుకున్నాడు.

బెల్ మోగింది. మామయ్య చొక్కా సర్దుకుని తలుపు తీశాడు.

గుమ్మంలో బ్రోకరు ఉన్నాడు. ఆయన పక్కన అత్తయ్య, బయటికి వెళ్ళేటప్పుడు కట్టుకునే మంచి బట్టల్లో, చేతికి హ్యాండ్‌బ్యాగుతో. వాళ్ళ వెనక కూతురు.

"మన ఇంటికి బెల్ కొట్టడమేమిటే" అన్నాడు మామయ్య. మెడ సాచి సందు వంక చూసి బ్రోకరుని అడిగాడు. "పార్టీ ఏదయ్యా?"

బ్రోకరు చెప్పుల వంక చూసుకున్నాడు. "ఈవిడేనండీ."

"ఎవరు?"

"పార్టీ, సార్. నా కమీషను సంగతి కూడా మాట్లాడేసుకున్నాం. గట్టి పార్టీయే."

మామయ్య నవ్వాలో కోప్పడాలో తేల్చుకునేలోపు అత్తయ్య మాట్లాడింది. "ఇల్లు అమ్ముతున్నారని విన్నామండీ. చూపిస్తారా, ఇంకోటి చూసుకోమంటారా?"

ఇంకోటి చూసుకోవడమన్న మాట వింటే ఆ వృత్తిలో ఉన్నవాడు నిద్రలోనైనా ఉలిక్కిపడతాడు. మామయ్య బుద్ధి ఇంకా గుమ్మంలోనే తచ్చాడుతుండగా ఆయన ఒళ్ళు తనంతట తను పక్కకి తప్పుకుని దారిచ్చింది. నాలుక కూడా ఎవరి అనుమతీ అడగలేదు. "అయ్యో, రండమ్మా, లోపలికి రండి" అంది.

హాలు మధ్యకి వచ్చి అత్తయ్య హ్యాండ్‌బ్యాగులోంచి ఒక ఉల్లిపాయ తీసి నేలమీద పెట్టింది. ఉల్లిపాయ ఒక్క క్షణం ఆలోచించి, అన్నగారి వాటాలోంచి తమ్ముడి వాటాలోకి తాపీగా దొర్లుకుంటూ వెళ్ళి గోడకి ఆనుకుంది. నలుగురూ దాని ప్రయాణం ఆసాంతం చూశారు.

"వాలుంది" అంది అత్తయ్య.

"కడిగితే నీళ్ళు పోవడానికండీ."

"ఎవరు కడుగుతారు?"

మామయ్య స్నానాలగది తలుపు తీసి చూపించాడు. ఎవరు కడుగుతారో ఆయనకి తెలుసు. ఆ తరవాత స్నానాలగదిలో లైటు స్విచ్చు తలుపు వెనక ఎందుకుందని అత్తయ్య అడిగింది. ఇది ఆమె ఇంటామెగా చాలాసార్లు అడిగిన ప్రశ్నే, ఆయన అలవాటైపోతుందిలే అన్నదే. ఇప్పుడు జేబులోంచి పెన్సిల్ తీసి, ఇవతల గోడమీద గుర్తు పెట్టుకుని, రేపటికల్లా మార్పిస్తామండీ అన్నాడు. పైగదిలో కుళాయి ఆలస్యంగా వస్తోందంటే దానికీ తల ఊపాడు. మెట్లెక్కేటప్పుడు పట్టుకోడానికి ఏమీ లేదంటే, నిజమేనండీ, నాకు తట్టలేదు అన్నాడు. అంతకుముందెప్పుడూ మొగుడి నోట ఆ మాట విన్నట్టు అత్తయ్యకి గుర్తులేదట. ఆమె కొంచెంసేపు మెట్ల మీద ఆగిపోయిందనీ, తనే మెల్లిగా వీపు మీద చెయ్యి వేసి నడిపించాననీ కూతురు చెప్పింది.

వంటింట్లో మేస్త్రీ సుత్తి భుజానికెత్తుకుని సిద్ధంగా ఉన్నాడు. వచ్చింది ఎవరో చూసి సుత్తి దించాడు.

మామయ్య అప్పటికే అలవాటు కొద్దీ మొదలుపెట్టేశాడు. "ఈ గట్టొక్కటీ మన్నించాలండీ. కొంచెం పొట్టిగా వచ్చింది. మీరు ఊ అంటే ఇప్పుడే పగలగొట్టి…"

అత్తయ్య బ్యాగు గట్టు మీద పెట్టి, రెండు చేతులూ ఆనించి, కూర తరగబోతున్నట్టు నిలబడింది. ఎదుట కిటికీలోంచి సందు మలుపు కనబడుతోంది. ఎవరూ రావడం లేదు.

"ఎవరి కొలతకి కట్టారండీ?" అని అడిగింది.

"మీ కొలతకేనమ్మగారూ" అన్నాడు మేస్త్రీ వెనకనుంచి.

మామయ్య చూపు గట్టు మీదనుంచి కిందికి జారి, మూలకి తోసేసిన చెక్కపెట్టె మీద పడింది. ఆయన గొంతుక్కూర్చుని దాన్ని వెలుతురులోకి లాగాడు. పైచెక్క మీద రెండు పాదాల మేర అరిగి, నునుపెక్కి గుంటలు పడ్డాయి. అరిగిన గడప చూసి ఆ ఇంట్లో ఎన్ని తరాలు నడిచాయో చెప్పగల మనిషాయన. గుంటలో వేలు పెట్టి అటూ ఇటూ రాసి చూశాడు. ఎన్నేళ్ళ అరుగుదలో చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా.

లేచి నిలబడి, "మీకు సరిపోయిందాండీ?" అన్నాడు.

"సరిపోయింది."

"సుత్తి అవతల పెట్టెయ్" అన్నాడు మేస్త్రీతో.

ఇక బేరం మిగిలింది. ఇల్లు నచ్చాక బేరం లేకుండా పంపడం వృత్తిధర్మం కాదు. మామయ్య గొంతు సవరించుకుని, అడ్వాన్సు ఏమిస్తారండీ అని అడిగాడు. అడిగాక అడిగినందుకు ఆయనకే ఏదోలా అనిపించిందట గాని, అప్పటికి మాట బయటికొచ్చేసింది.

"ఇన్నిళ్ళల్లో వంట చేశాను" అంది అత్తయ్య. "వాటిల్లో రెండింటికి పైకప్పు లేదు."

బ్రోకరు మొదట మామయ్య వంకా, తరవాత స్లాబు వంకా చూశాడు. తన అనుభవంలో ఇంత రొక్కం ఒకేసారి ముట్టడం చూడలేదు సార్ అన్నాడు.

"ఖాళీ ఎప్పుడు చేస్తారు?" అంది అత్తయ్య.

"మేమా?"

"ఇల్లు కొంటే పాతవాళ్ళు ఖాళీ చెయ్యరా?"

మామయ్య ఎన్నో ఇళ్ళు ఖాళీ చేశాడు గాని, ఇంకో ఇల్లు చేతిలో పెట్టుకోకుండా ఏదీ ఖాళీ చేయలేదు. వంటింటి గోడ తట్టబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "మాకు వేరే చోటు లేదండీ. మీరు ఉండనిస్తే అద్దెకుంటాం" అన్నాడు.

అత్తయ్య వెంటనే ఒప్పుకోలేదు. అమ్మాయిని సంప్రదించి షరతులు చెప్పింది. గోడలు పడగొట్టకూడదు. కొత్త గోడలు లేపకూడదు. ఉన్న గోడల్ని తట్టి చూడకూడదు. మేకు కొట్టాలన్నా ముందు చెప్పి కొట్టాలి. ఆఖరి షరతు ఎవరి గదినుంచి దిగుమతి అయిందో మామయ్యకి అర్థమైంది. కూతురి వంక ఒకసారి చూసి ఒప్పుకున్నాడు. మేస్త్రీ సాక్షి. బ్రోకరు పైపైన వద్దంటూనే గట్టు మీద పెట్టిన కాఫీ తాగి, తన కమీషను సంగతి మరోసారి గుర్తుచేసి వెళ్ళాడు. అది నెలకోసారి అత్తయ్య చేతి భోజనమని తరవాత తెలిసింది.

కూతురు ఆ సాయంత్రం వీధి చివర కొట్టుకి వెళ్ళి ఉత్తచేతులతో తిరిగొచ్చింది. ఎందుకెళ్ళావని అడిగితే, బెల్ మోగింది గదా, కాళ్ళు వాటంతటవే వెళ్ళాయంది.

ఇంటి కాగితాలు అత్తయ్య పేరుకి మారాయి. మామయ్య ఇప్పుడు ఆ ఇంట్లో అద్దెకున్నాడు. మంచి కిరాయిదారనే చెప్పాలి. గొడవల్లేవు, రాత్రి పెందలాడే వస్తాడు. ఒక్కొక్కసారి హాల్లో కూర్చుని ఒక గోడ వంక తదేకంగా చూస్తుంటాడు. అత్తయ్య వంటింట్లోంచి చూసి దగ్గుతుంది. ఆయన పేపరు తిరగేస్తాడు.

వృత్తి మానలేదు. పాత ఇళ్ళు కొంటూనే ఉన్నాడు, పెంచుతూనే ఉన్నాడు. కాకపోతే వాటికి ఆఫీసుకి వెళ్ళినట్టు పొద్దున్నే క్యారేజీ పట్టుకుని వెళ్ళి, సాయంత్రం బయటే ఒళ్ళు దులుపుకుని, తాళంచెవి జేబులో ఉన్నా బెల్ కొట్టి లోపలికి వస్తాడు. వానొస్తే పాత ఇంటి కింద పడుకోవాలన్న సిద్ధాంతం కొంత సడలింది. ఇప్పుడు గొడుగేసుకుని వెళ్ళి, కాసేపు నిలబడి వస్తాడు.

గట్టు కొలత దగ్గర మాత్రం పద్ధతి పూర్తిగా మార్చాడు. ఆ రోజు ముందుగా కబురు చేసి, తను అద్దెకున్న ఇంటి ఓనరుని రిక్షాలో తీసుకెళ్ళి, గోడ పక్కన నిలబెడతాడు. మేస్త్రీ మోచెయ్యి కింద గీత గీస్తాడు. ఆ గీతే ప్రమాణం. మొన్న అమ్ముడైన ఇంటికి అలాగే కట్టించాడు. దాన్ని కొన్నాయన భార్య ఆరడుగుల మనిషి. వంట చేసుకోవాలంటే నడుము విరిగేట్టు వంగవలసి వస్తోందని బ్రోకరు ద్వారా ఫిర్యాదు చేసింది.

ఆవిడ మినహాయింపు అని మామయ్య అభిప్రాయం.